తుపానుకి మోగే ఫోను పురుగుకి మోగదేం?

వ్యవసాయ శాఖ, ఉద్యాన శాఖ పెద్దలకు, విశ్వవిద్యాలయాల్లో పురుగుల మీద పనిచేసే శాస్త్రవేత్తలకు, విపత్తు సాయం లెక్కలు చూసేవాళ్లకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఇంతమందికి కలిపి ఒకే ఉత్తరం రాయడం పద్ధతి కాదేమో గానీ, పత్తి పురుగుకి ఒక శాఖ, మిర్చి పురుగుకి ఇంకో శాఖ, నష్టం లెక్కకి రెవెన్యూ, వానకి వాతావరణ శాఖ అని మీరు పంచుకున్నారు కాబట్టి ఎవరికి రాసినా ఇది మాది కాదు అనే వీలుంది. మా చేలోకి వచ్చేటప్పుడు పురుగు అది చూసుకుని రావడం లేదు. అందుకని అందరికీ కలిపే రాస్తున్నా.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజుల్లో మా ఫోన్లు ఒకటే మోత. గాలి ఎంత వేగంతో వస్తుంది, వాన ఎప్పుడు మొదలవుతుంది, కోసిన పంట ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ మెసేజులే. కల్లంలో ఉన్న కాయ మీద పట్టాలు కప్పుకున్నాం, కొంత పోయింది, కొంత దక్కింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో కనీసం పదివేల మంది పోయారు. అప్పటికీ ఇప్పటికీ గాలి నెమ్మదించిందేం లేదు, కబురు ముందు రావడం మొదలైంది. ఈ పని బాగా చేశారు, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నా.

ఇప్పుడు 2021 డిసెంబరు సంగతి చెప్తా. మాది పల్నాడు, అప్పటికింకా గుంటూరు జిల్లానే. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, మొత్తం తేజ మిర్చి వేశా. చేను ఏపుగా ఉంది, పూత విరగబూసింది. వారం తిరిగేసరికి పూత అంతా కింద. పూవు కోసి అరచేతిలో దులిపితే మిరియాల పొడి పడ్డట్టు నల్లగా, కదులుతూ. మాకు పైముడత తెలుసు, కింది ముడత తెలుసు. ఆకు పడవలాగా పైకి లేస్తే తామర పురుగు, పడవ బోర్లా పడ్డట్టు కిందికి ముడుచుకుంటే నల్లి, ఇది మా పిల్లలు కూడా చెప్తారు. కానీ ఈ నల్లది ఆకు కంటే పూవుని ఎక్కువ పట్టింది. పూవు లోపల కూర్చున్నదానికి పైనుంచి మందు ఎంత కొట్టినా ఏం తగుల్తుంది?

తెలియక కొట్టాం. వారానికి రెండుసార్లు కొట్టాం. మందుల షాపులో ఒక డబ్బా ఇస్తే పని చెయ్యలేదు, దాంట్లో ఇంకోటి కలిపి కొట్టమన్నారు, తర్వాత పేరూ ఊరూ లేని బయో మందు ఒకటి. అంతా అరువే. ఎకరానికి ఇరవై క్వింటాళ్లకు తగ్గని చేలో నాలుగు క్వింటాళ్లు రాలింది, అందులోనూ సగం తాలు. ఆ ఏడు యార్డులో రేటు బ్రహ్మాండంగా ఉంది, అమ్మడానికి కాయ లేదు. (2025కి కాయ ఉంది, రేటు లేదు, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామనే దాకా వెళ్లింది. అది వేరే ఉత్తరం.)

తర్వాత తెలిసిందేంటంటే, ఆ నల్ల తామర పురుగుది ఇండోనేషియా వైపు ప్రాంతం, మన దేశంలో 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది, రికార్డులకెక్కింది కూడా. ఆరేళ్లు! శాస్త్రవేత్తల కాగితాల్లో 2015 నుంచీ ఉన్న పురుగు నాకు 2021లో మందుల షాపు దగ్గర పరిచయమైంది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. పురుగు వచ్చినందుకు నేను ఎవర్నీ అనడం లేదు, కబురు రానందుకే అడుగుతున్నా.

ఇదంతా వాతావరణం మారడం వల్లే అని నేను చెప్పను. అలా చెప్తే మనందరికీ సుఖమే, ఎవరి తప్పూ ఉండదు. ఆ పురుగు మొక్కలతో పాటు, రవాణాతో పాటు ఊళ్లు దాటి వచ్చి ఉంటుంది. మేం యూరియా దిమ్మరించి ఆకు లేతగా పెంచాం, జిల్లాకి జిల్లా ఒకే పంట వేశాం, మందు మీద మందు కొట్టి దాన్ని తినే అక్షింతల పురుగుల్నీ సాలీళ్లనీ ముందు చంపుకున్నాం. ఇన్ని తప్పులు మావి. కానీ ఇవే తప్పులు మా నాన్న కాలంలోనూ ఉన్నాయి గదా. అప్పుడు కొంత పొరపాటుకి చోటుండేది. చలి పడితే పురుగు తగ్గేది, వాన పడితే కొట్టుకుపోయేది, మళ్లీ పుంజుకోవడానికి టైం పట్టేది. ఇప్పుడు ఆ చోటు పోయింది, అది నేను మా చేలోనే చూస్తున్నా.

మా నాన్నకి పురుగుల పంచాంగం ఉండేది. ఆరుద్ర కార్తెలో తొలకరికి ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగు చేలో నడిస్తే విత్తనం బయటికి తీసేవాడు. అనంతపురంలో మా మేనమామ వాళ్లయితే తొలి వానలకి నేలలోంచి లేచే ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగుల కోసం రాత్రి పూట గట్ల మీద మంటలు వేసేవాళ్లు, ఊరంతా ఒకే రోజు. ఫలానా కార్తెకి ఫలానా పురుగు అనే లెక్క అది. వాన ఫలానా కార్తెకి వస్తేనే ఆ లెక్క పనికొస్తుంది. మృగశిర ఎండల్లో పోయి, ఆరుద్ర ఎండల్లో పోయి, కురవాల్సిన నెలన్నర వాన మూడు రోజుల్లో కురిసి, మళ్లీ ఇరవై రోజులు చుక్క లేకపోతే మా నాన్న పంచాంగం ఎవరికి పనికొస్తుంది? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందనేవారు, ఇప్పుడు సంక్రాంతికే ఫ్యాను వేసుకుంటున్నాం.

పురుగుకి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు, బయటి వేడే దానికి గడియారం. గుడ్డు పొదగడం, పిల్ల ఎదగడం, రెక్కలు రావడం అన్నీ ఆ గడియారం ప్రకారమే. మొక్కజొన్న కత్తెర పురుగునే తీసుకోండి. ఎండాకాలం వేడిలో దాని జీవితచక్రం నెల రోజుల్లో అయిపోతుంది, చల్లటి చోట అదే రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెట్టే చోట, పంటకాలంలో ఒక్క తరం ఎక్కువైతే ఏమవుతుందో లెక్క వేసుకోండి. అమెరికా ఖండాల పురుగు అది, 2016లో ఆఫ్రికాలో కనిపించింది, 2018 మేలో కర్ణాటకలో కనిపించింది, ఆ ఏడాదే మన రెండు రాష్ట్రాల మొక్కజొన్న సుడుల్లో కూర్చుంది. రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదట. మన ఫైలు ఒక్క రాత్రిలో ఎంత దూరం పోతుందో మీకే తెలియాలి.

వేడికి తోడు గాలిలో బొగ్గుపులుసు వాయువు కూడా పెరుగుతోంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది గదా, క్రిడా, అక్కడ ఆ వాయువు ఎక్కువ పెట్టి వేరుశనగ పెంచి, దాని మీద పొగాకు లద్దె పురుగుని వదిలి చూశారు. ఆకు చూడ్డానికి బాగానే ఉంటుంది, అందులో నత్రజని తక్కువ. పలచటి మజ్జిగ ఒక గ్లాసుతో కడుపు నిండక రెండో గ్లాసు తాగినట్టు, పురుగు ఎక్కువ ఆకు తింది. ఇది మన హైదరాబాద్‌లో, మన పంట మీద, మన ప్రభుత్వం డబ్బుతో తేలిన విషయం. ఈ కబురు మా ఊరి రైతు సేవా కేంద్రం గోడ దాకా వచ్చి ఉంటే బాగుండేది.

2018లో అమెరికా శాస్త్రవేత్తలు వేసిన లెక్క ఇంకోటి ఉంది. ప్రపంచం ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా వరి, మొక్కజొన్న, గోధుమల్లో పురుగుల వల్ల పోయే పంట 10 నుంచి 25 శాతం చొప్పున పెరుగుతుందని. మన దేశం 1901 నుంచి 2018 లోపు దాదాపు 0.7 డిగ్రీలు వేడెక్కిందని కేంద్రమే లెక్క చెప్పింది. టీ కొట్టు దగ్గర ఇది చెప్తే ఒకాయన, మరీ వేడెక్కితే పురుగు కూడా చస్తుంది కదరా అన్నాడు. తప్పేం కాదు, మనలాంటి వేడి దేశాల్లో పురుగులు ఇప్పటికే తమకి నచ్చే వేడికి దగ్గర్లో ఉన్నాయి, వరిలో మూడు డిగ్రీలు దాటాక నష్టం ఇక పెద్దగా పెరగదని ఆ లెక్కలోనే ఉంది. కానీ పూత దశలో 35 డిగ్రీలు దాటితే వరి కంకిలో గింజే సరిగ్గా పట్టదు. పురుగు చచ్చేదాకా కూర్చుంటే మనకి మిగిలేది తాలే. పైగా పురుగు కంటే ముందు దాని గుడ్ల మీద బతికే ట్రైకోగ్రామా లాంటి చిన్న చిన్న మిత్ర పురుగులు వేడికి తట్టుకోలేక పోతాయి. చేలో పోలీసు పోయి దొంగ మిగలడమే ఇది.

పత్తి సంగతి కొంచెమే చెప్తా, మీకు తెలియంది కాదు. 2006లో రెండో రకం బీటీ, అంటే పురుగుని చంపే గుణం మొక్కలోనే ఉండే పత్తి విత్తనం, వచ్చినప్పుడు నాలుగైదేళ్లు హాయిగా పడుకున్నాం. తర్వాత గులాబీ రంగు పురుగు దాన్ని కూడా జీర్ణం చేసుకుంది. ఇప్పుడు చేలో విచ్చుకోని గుడ్డిపూలు చూస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది, లోపల ఏముందో తెలుసు కాబట్టి. డిసెంబరుకి పత్తి తీసేయమని మీరు చెప్తారు, మంచి మాటే, కానీ అక్టోబరు వానకి మొదటి కాపు పోయినవాడు జనవరి, ఫిబ్రవరి దాకా నీళ్లు పెట్టి రెండో కాపు తియ్యకుండా ఎలా ఉంటాడు? వాన కాలం జరిగితే పంట జరుగుతుంది, పంట జరిగితే పురుగుకి తిండి జరుగుతుంది. ఆ గొలుసు తెగాలంటే డిసెంబరులో కరపత్రం పంచితే చాలదు.

ఈ గులాబీ పురుగు విషయంలోనే మీ దగ్గర ఒక మంచి కొలత ఉంది. లింగాకర్షక బుట్టలో, అంటే ఆడపురుగు వాసన పెట్టి మగవాటిని రప్పించి పట్టే బుట్టలో, రోజుకి ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు కొట్టే టైం వచ్చినట్టు. ఎంత తేలిక లెక్క! అంకెలు వచ్చిన ఎవరైనా లెక్కపెట్టగలరు. ఊరికి పది చేలల్లో బుట్టలు, మిర్చిలో నీలం జిగురు అట్టలు, వరిలో దుబ్బు దులిపి సుడిదోమల లెక్క, వారానికి రెండుసార్లు. ఆ అంకెల పక్కన వచ్చే వారం ఎండ, రాత్రి వేడి, గాలిలో తేమ, వాన అంచనా పెట్టి, మీ ఊళ్లో వచ్చే పది రోజుల్లో ఇది పెరగొచ్చు, ఫలానా పని చెయ్యండి, ఫలానా మందు మాత్రం కొట్టొద్దు అని ఒక్క ముక్క ఫోన్‌కి పంపండి. నేను అడిగేది ఇంతే. కొట్టొద్దు అనే మాట నాకు ఇంకా ముఖ్యం, ఎందుకంటే కొట్టు అనడానికి షాపులో ఎప్పుడూ మనిషి ఉంటాడు.

ఇది కుదరదు అనకండి, ఇంకో రాష్ట్రంలో కుదిరింది. 2008లో మహారాష్ట్రలో సోయా చేలని లద్దె పురుగు ఊడ్చేశాక, ఆ మరుసటి ఏడాది నుంచే వాళ్లు చేలల్లో మనుషుల్ని తిప్పి పురుగులు లెక్కపెట్టించి రైతులకి కబురు పంపే ఏర్పాటు చేసుకున్నారు. క్రాప్‌శాప్ అంటారు దాన్ని. లోపాలు ఉండే ఉంటాయి, ఏ పథకంలో లేవు? మిడతలకైతే మన దేశంలో 1939 నుంచీ ఒక హెచ్చరిక సంస్థ ఉంది, జోధ్‌పూర్ కేంద్రంగా పనిచేస్తుంది. 2018లో మేలో ఒకటి, అక్టోబరులో ఒకటి, మెకును, లుబాన్ అని రెండు తుపానులు అరేబియా ఎడారిలో కురిశాయి. ఎప్పుడూ కురవని చోట వాన పడేసరికి ఇసుకలో గడ్డి మొలిచింది, మిడత తరం మీద తరం పెరిగింది, ఆఫ్రికా, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా 2020 మేలో నాగపూర్ వైపు దాకా వచ్చింది. అప్పుడు ఆదిలాబాద్ సరిహద్దుల్లో ఫైరింజన్లు, మందులు సిద్ధం చేసుకుని కూర్చోవడం అందరం టీవీలో చూశాం. గాలి మళ్లింది, మన అదృష్టం. కానీ ఎక్కడో ఎడారిలో పడ్డ వానకి, రెండేళ్ల తర్వాత ఆదిలాబాద్‌లో పంపు సెట్టు సిద్ధంగా ఉందంటే, పురుగుకి కూడా తుపాను లాగే ముందు కబురు పంపొచ్చని మీరే చేసి చూపించినట్టు గదా.

2024 ఆగస్టు 15న కేంద్రం ఒక యాప్ తెచ్చింది, పురుగు ఫోటో తీసి పెడితే అదేంటో చెప్తుంది. దించుకున్నా, వాడా, పర్వాలేదు. కానీ ఫోటో తియ్యాలంటే పురుగు ముందు నా చేలోకి రావాలి కదండీ. దొంగ ఇంట్లో పడ్డాక వాడి పేరు చెప్పే యంత్రం అది. అది కూడా ఉండాలి, వీధి చివర కుక్క కూడా మొరగాలి. అదే ఏడాది జిల్లాల్లో ఉన్న 199 వ్యవసాయ వాతావరణ యూనిట్లని మూసేశారు, వాన ఎప్పుడు పడుతుందో, అప్పుడు చేలో ఏం చెయ్యాలో జిల్లా స్థాయిలో కలిపి చెప్పింది వాళ్లు. ఎవరు ఎందుకు మూశారో మాకు అనవసరం. వాతావరణం తెలిసినాయన, పురుగు తెలిసినాయన ఒక బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు ఇంకోటి చెయ్యండి, పేరు ఏదైనా పెట్టుకోండి.

ఇక డబ్బు సంగతి. విపత్తు సాయం చూసే వాళ్లకి ప్రత్యేకంగా రాస్తున్నా. కేంద్రం విపత్తు నిధి నిబంధనల్లో తుపాను, కరువు, వరద, వడగళ్లు లాంటివి కాకుండా ఇంకో మాట కూడా ఉంది, చాలామంది రైతులకి తెలీదు, కొంతమంది అధికారులకీ తెలీదేమో. పురుగుల దాడి. అవును, పురుగుల దాడి కూడా ఆ జాబితాలో ఉంది. 33 శాతం, అంతకు మించి పంట పోతే పెట్టుబడి రాయితీ ఇవ్వొచ్చు. మిడతలు పడ్డప్పుడు రాజస్థాన్‌కి ఆ లెక్కనే సాయం వెళ్లింది. మరి 2021లో ఎకరానికి నాలుగు క్వింటాళ్లు వచ్చిన నా చేను దగ్గరికి వచ్చినాయన, ఆయన పేరూ హోదా చెప్పను, మంచి మనిషే, వానకి పోయిందని రాస్తే ఏమన్నా చెయ్యగలను గానీ పురుగుకి పోయిందంటే కాలమ్ లేదండీ అన్నాడు. మీ కాగితంలో ఆ కాలమ్ పెట్టండి. మిర్చికి వాతావరణ బీమా ఉంటే వాన మిల్లీమీటర్లు కొలుస్తారు, ఎండ డిగ్రీలు కొలుస్తారు, ఆ రెండూ కలిసి కన్న పురుగుని కొలవరు, ఇదేం లెక్క? కౌలు రైతు పేరు కూడా ఆ కాగితంలో ఉండాలి. చేలో మందు కొట్టింది ఎవరో, అప్పు ఎవరి పేరున ఉందో ఊళ్లో అందరికీ తెలుసు.

మందు కొట్టడం అంటే గుర్తొచ్చింది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. ఎండలో, ఉక్కలో, ఎత్తుగా పెరిగిన పత్తిలో మొహం దాకా మందు. మాస్కు పెట్టుకోమంటారు మీరు. సెప్టెంబరు ఉక్కలో మాస్కు పెట్టుకుని వీపున ఇరవై లీటర్ల ట్యాంకు మోస్తూ ఒక్క సాలు నడిచి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. పురుగు పెరిగితే కొట్టే సార్లు పెరుగుతాయి, ఎండ పెరిగితే ఒంటి మీద బట్ట తగ్గుతుంది, ఈ రెండూ కలిసేది కూలి మనిషి ఒంట్లో. నిరుడు మా ఊళ్లో మందు కొట్టడానికి వచ్చిన కుర్రాడు గట్టు మీద కూలబడితే ఆటోలో వేసుకుని వెళ్లాం. బతికాడు. మళ్లీ అతన్ని పిలవలేదు నేను, ఇంకొకళ్లని పిలిచా. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మేం చెయ్యాల్సింది లేదని కాదు. ఈసారి మిర్చి చుట్టూ జొన్న వేస్తున్నా, అట్టలు పెడుతున్నా, యూరియా సగానికి తగ్గించా, మొదటి నెల మందు ముట్టుకోను అని ఇంట్లో మాట ఇచ్చా. ఊళ్లో ఆరుగురం కలిసి వంతులేసుకుని బుట్టలు చూద్దామని అనుకున్నాం. ఆ అంకెలు నోటు పుస్తకంలో రాసి పెడతాం. ఎవరికి పంపాలో చెప్తే పంపుతాం, కూలి కూడా అడగం.

నారు పోసేది జులై నెలాఖరులో. అప్పటికి మా మండలానికి మొదటి పురుగు కబురు పంపగలరేమో చూడండి. తప్పినా ఏమనం, తుపాను ఎన్నిసార్లు దారి మార్చుకోలేదు! నంబరు మళ్లీ అడగక్కర్లేదు, మిచౌంగ్‌కి పంపింది ఈ నంబరుకే.

ఇట్లు,
పల్నాడు జిల్లా మిర్చి రైతు ఒకడు